గుండం దగ్గర బాపు నిద్ర

మా బాపు దసరా పోయాక మా అమ్మను, అదే అవ్వను, వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చింది బిడ్డను చూసిపోదామని కాదు. ఆ సంగతి కాళ్ళు కడుక్కోగానే బయటపడింది. తువ్వాలతో మొహం తుడుచుకుంటూ, నేనెట్లా ఉన్నానని అడగకుండానే, "ఈడికెల్లి గుండం ఎంత దూరముంటది బిడ్డా?" అన్నాడు. గట్టిగా అన్నాడు. ఆయన ఏ మాటైనా గట్టిగానే అంటాడు. పక్కింటి కుక్కలు లేచి మొరిగాయి.

నాకు ఒళ్ళు మండింది. నిజంగానే మండుతూ ఉండింది కూడా, నేను చలిజ్వరం నుంచి లేచి ఎన్నో రోజులు కాలేదు. నా పెనిమిటి బడిపంతులు. ఆయన్ను జైనూరు దాటాక గుట్టల నడుమ ఒక గోండు ఊరి బడికి వేశారు. ఆ రోజుల్లో కరీంనగర్ వైపు నౌకరీ చేసేవాళ్ళకు ఆదిలాబాద్ అడవికి బదిలీ అంటే కాలాపానీకి పంపినట్టే. వచ్చిన ప్రతివాడికీ జ్వరం తగిలేది. చేదు గోలీలు మింగీ మింగీ నా నాలుక మీద బెల్లం పెట్టినా చేదుగానే ఉండేది. వాగు నుంచి బిందె తెస్తూ నడుమ కూర్చోకుండా ఇల్లు చేరలేకపోయేదాన్ని. అట్లాంటి దాన్ని పట్టుకుని బాపు గుట్ట దాటించి గుండానికి తీసుకుపొమ్మంటున్నాడు. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

జలపాతం అనే మాట నేను అప్పటికి బడి పుస్తకంలో తప్ప చూడలేదు. అక్కడివాళ్ళు గుండం అనే అనేవాళ్ళు. గుట్టల అవతల వాగు ఒక పెద్ద బండ మీది నుంచి లోయలోకి దూకుతుంది. దూకిన చోట లోతైన మడుగు. ఆ మడుగు పేరే మొత్తానికి పేరు. నేను ఆ ఊరికి వచ్చి ఏడాది దాటినా దాన్ని చూడలేదు, చూడాలనీ అనుకోలేదు. నీళ్ళు మోసేవాళ్ళకు నీళ్ళు చూసే సరదా ఉండదు.

కానీ బాపు ఎందుకు అడిగాడో నాకు తెలుసు. తెలుసు కాబట్టే ఇంకా కోపం వచ్చింది.

మాది నేతపని ఇల్లు. బాపు చిన్ననాటి నుంచి గుంతమగ్గంలో కాళ్ళు దించుకుని కూర్చున్నవాడు. ఆ మగ్గం చప్పుడు ఇంట్లో ఎవరో ముసలమ్మ తనలో తాను మాట్లాడుకున్నట్టు ఉండేది. దాని పక్కనే మేము అన్నం తినేవాళ్ళం, దాని పక్కనే నిద్రపోయేవాళ్ళం. నేసింది అమ్ముడుపోని రోజులు వచ్చాక ఆయన షోలాపూర్ మిల్లుకు పోయాడు. అక్కడి నుంచి భివండి పోయాడు. చివరకు మా ఊళ్ళోనే సాంచెలు వచ్చాయని విని తిరిగి వచ్చాడు. కరెంటుతో నడిచే మగ్గాన్ని మా వైపు సాంచ అంటారు. ఒక్క సాంచ నడిస్తేనే గోడ మీది సున్నం రాలుతుంది. రేకుల షెడ్డులో అవి వరసగా నడుస్తుంటే లోపల మనిషి గొంతుకు విలువ లేదు. అందుకే సాంచెల మీద పనిచేసేవాళ్ళు ఎదుటివాడి పెదవులు చూసి మాట తెలుసుకుంటారు, మిగిలింది చేతులతో చెప్పుకుంటారు. రెండు వేళ్ళు మెలితిప్పితే పోగు తెగిందని. బొటనవేలు నోటి దగ్గర పెడితే చాయ్ తాగొద్దామని. పిడికిలి అటూ ఇటూ ఆడిస్తే సాంచ నడుస్తున్నదని. అరచేయి బోర్లించి కిందికి దించితే ఆగిందని.

పెళ్ళికి ముందు నేను ఆ షెడ్డు అరుగు మీద కండెలు చుట్టేదాన్ని. కండె అంటే మగ్గం మీద అటూ ఇటూ దూకే నాడెలో పెట్టే నూలు చుట్ట. అట్లా ఆ చేతిమాటలన్నీ నాకూ పట్టుబడ్డాయి. అత్తగారింట్లో ఈ విద్య ఎవరికీ అక్కరకు రాలేదు.

చెవుడు ఒక్కటే అయితే బాపు లెక్క చేసేవాడు కాదు. సాంచెల మీద చెవుడు రానివాడే వింత. ఆయన బాధ వేరే. పని వదిలి ఇంటికి వచ్చినా, పండుగకు షెడ్డు మూతపడినా, ఆయన చెవుల్లో మాత్రం సాంచ ఆగేది కాదు. "నా నెత్తిల నడుస్తున్నది, ఎవలన్న జర బంద్ జేయుండ్రి" అని పక్క మీద లేచి కూర్చునేవాడు. కళ్ళ కింద చర్మం జారి సంచుల్లాగ వేలాడేది. బువ్వ ముందర కూర్చుని ముద్ద నోటికి తెచ్చేలోపు కునికేవాడు, కునికీ కునకకముందే ఉలిక్కిపడి లేచేవాడు. అవ్వ వెల్లుల్లి వేసి కాచిన నూనె చెవుల్లో పోసింది. దర్గా నుంచి తాయెత్తు తెచ్చి కట్టింది. ధర్మపురి నర్సింహస్వామికి మొక్కి గోదావరిలో ముంచి తీసుకొచ్చింది. కరీంనగర్‌లో ఒక డాక్టరు చెవిలో లైటు వేసి చూసి, ఆ పని మానేయమన్నాడు. "మానేస్తే ఏం దినాలె సారూ?" అని బాపు అడిగాడు. దానికి డాక్టరు దగ్గర మందు లేదు.

పడుచువాడిగా ఉన్నప్పుడు బాపు చీరెల మూట భుజాన వేసుకుని ఈ గుట్టల్లోని ఊళ్ళు తిరిగేవాడు. ఒక మాపటి పూట గుండం పక్కన బండ మీద మూట తల కింద పెట్టుకుని పడుకున్నాడట. "ఆ సప్పుడుల పక్కన పిడుగు వడ్డా ఇనవడది. అసొంటి నిద్ర నాకు మల్ల పట్టలే" అని మా చిన్నప్పుడు చెప్పేవాడు. చెవుల్లో సాంచ మొదలైన తర్వాత ఆ కథ మాటిమాటికీ చెప్పసాగాడు. సాంచ కన్నా పెద్ద చప్పుడు ఈ భూమి మీద తనకు తెలిసింది అదొక్కటే. దాని కింద ఇది మునిగిపోతుందని ఆయన నమ్మకం. ఒకసారి మునిగితే మళ్ళీ తేలదని కూడా లోపల ఆశ పెట్టుకున్నాడు, పైకి అనలేదు గానీ. దసరాకు సాంచెలకు పూజ చేసి కొద్దిరోజులు షెడ్డు మూస్తారు. మళ్ళీ తెరిచేలోపు ఆయనకు ఒక్క నిద్ర కావాలి. ఆయన మా ఊరికి వచ్చిన పని అదీ.

"నీళ్ళు సూసెతందుకు గుట్టలెక్కుతరా ఎవలన్న?" అంది అవ్వ. "నీళ్ళల్ల మందు గలిపి వెట్టిండ్రా నీకోసం? చెవిటోని ముందట శంఖం ఊదినట్టే ఉంటది."

బాపు ఆమె పెదవులు చూడకుండా గోడవైపు తిరిగి పడుకున్నాడు. వినకూడదనుకున్నప్పుడు ఆయనకు అది సులువు.

అవ్వకు మోకాళ్ళు అప్పటికే పోయాయి. మగ్గం మీద కూర్చునేది మగవాడు గానీ, వీధి పొడవునా పడుగు పోగులు పరిచి గంజి పెట్టి కుంచెతో దువ్వుతూ ఈ కొస నుంచి ఆ కొసకు తిరిగేది ఆడవాళ్ళు. కొస వచ్చిందా, మాట్లాడకుండా వెనక్కి తిరగడం, మళ్ళీ నడవడం. ఆమె కాశీకి పోలేదు గానీ మా వాడకట్టులో నడిచిన నడకంతా సాగదీస్తే కాశీకి పోయి వచ్చి ఉండేది. ఇప్పుడు కూర్చుంటే లేవడానికి గోడ కావాలి, లేస్తే కూర్చోవడానికి గోడ కావాలి. అట్లాంటిది తెల్లవారేసరికి జొన్నరొట్టెలు చేసి, ఉల్లిగడ్డా ఎర్రకారం మూటగట్టి, కొంగు నడుముకు చుట్టి గడపలో నిలబడింది.

"నువ్వెందుకే? ఇంటికాడ ఉండు" అన్నాడు బాపు.

"నువ్వు లోయల వడ్డవనుకో, పిలిస్తె ఇనవడదాయె. గుంజెతందుకు ఒకలుండాలె."

నా పెనిమిటికి బడి ఉంది కాబట్టి పక్కింటి గోండు రైతును మాకు తోడిచ్చాడు. ఆయనకు గుట్ట అవతల జొన్నచేను ఉంది, దారి తెలుసు. నడివయసు మనిషి, మాట తక్కువ, ఆ తక్కువ మాటలోనూ సగం మరాఠీ కలిసేది. మేము నీళ్ళ దగ్గరికి ఎందుకు పోతున్నామని అడిగాడు. చేపలకా అన్నాడు, మొక్కు ఉందా అన్నాడు. నిద్ర కోసం అని చెబితే నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. "నిద్ర మంచిదే" అని గొడ్డలి భుజాన వేసుకుని ముందు నడిచాడు.

నడక సంగతి ఏమని చెప్పను. మొదట చేల గట్లు, ఆ తర్వాత టేకు చెట్లు, ఆ తర్వాత వెదురు పొదలు, ఆ తర్వాత దారి అనేది పోయి రాళ్ళు మాత్రమే మిగిలాయి. వానాకాలం వెళ్ళిపోయినా నేల ఇంకా తడిగానే ఉంది. పెద్ద పెద్ద టేకాకులు కింద కుళ్ళి, కాలు పెడితే జారుతున్నాయి. నాకు కాసేపు చెమట, కాసేపు వణుకు. చెప్పు తెగింది. దాన్ని చేతిలో పట్టుకుని కొంత దూరం నడిచి, ఎందుకు మోస్తున్నానో నాకే తెలియక పొదలోకి విసిరేశాను. అవ్వ ప్రతి రాయి దగ్గరా చేయి చాపేది. నేను గుంజేదాన్ని. గుంజిన ప్రతిసారీ నాకు కళ్ళు చీకట్లు కమ్మేవి. జ్వరం పడి లేచిన మనిషి, మోకాళ్ళు పోయిన మనిషి, చెవులు పోయిన మనిషి. ముగ్గురినీ కలిపితే ఒక్క సరైన మనిషి తయారయ్యేవాడు కాదు.

"ఇంకెంత దూరం అన్నా?" అని నేను అడిగితే ఆ రైతు వెనక్కి చూడకుండా, "లై దూరం లేదు బాయీ, గీడనే" అనేవాడు, చాలా దూరమేం లేదు ఇక్కడే అని. టేకుల దగ్గర అడిగినా గీడనే. వెదుళ్ళ దగ్గర అడిగినా గీడనే. ఒక చోట నేను కూలబడి, ఇక కదలను పొమ్మన్నాను. అప్పుడూ అదే మాట అన్నాడు, అంతే నెమ్మదిగా. ఆయన మీద అరవడానికి కూడా ఓపిక లేకపోయింది.

దారిలో ఒక చిన్న గూడెం తగిలింది. దీపావళికి ఆడే దండారి ఆట కోసం అప్పటికే డోళ్ళు బయటికి తీసి వాయిస్తున్నారు. బాపు నిలబడి చూశాడు. "ఉత్తగనే చేతులు ఊపుతుండ్రేంది వీళ్ళు?" అన్నాడు నాతో. డోళ్ళ మీద తోలు చిరిగిపోయేట్టు కొడుతున్నారు వాళ్ళు. ఈయన ఇంత చప్పుడు వినలేకపోతే ఇక నీళ్ళ చప్పుడేం వింటాడు? ఇంత కష్టపడి ఎక్కడం ఊరికేనా? అవ్వ కూడా నా మొహంలోకి చూసింది. ఆమెకూ అదే అనుమానం వచ్చిందని తెలిసింది. ఇద్దరం మళ్ళీ నడిచాం.

గుట్ట నెత్తికి చేరే ముందు ఆ రైతు ఆగి, తలా ఒక రాయి తీసుకొమ్మన్నాడు. పైన కనుమలో దారిదేవుడి రాళ్ళకుప్ప ఉందట. దాటే ప్రతివాడూ కింది నుంచి తెచ్చిన రాయి అక్కడ వేసి పోవాలి. పైన దొరికే రాయి వేస్తే చెల్లదు, మోసుకొచ్చిందే చెల్లుతుంది. నేను చింతగింజంత గులకరాయి ఏరుకున్నాను. బాపు పిడికెడంత తీసుకున్నాడు. అవ్వ వంగి, లేవలేక లేవలేక, కొబ్బరికాయంత రాయిని ఒడిలో వేసుకుంది.

"అంత పెద్దదెందుకే అవ్వా? అసలే నడువలేకపోతున్నవ్."

"ఉండనియ్యే. దేవునికి తెల్వాలె గద."

పైకి వచ్చాక ఆ రాయిని కుప్ప మీద పెట్టి, దాన్ని పట్టుకునే కాసేపు నిలబడింది. ఏమి కోరుకుందో అడగాల్సిన పని లేదు. పొద్దున్న శంఖం సామెత చెప్పిన మనిషే ఆమె.

కుప్ప దాటి నాలుగు అడుగులు వేశామో లేదో, అవతలి లోయ నుంచి చప్పుడు వచ్చి ఒక్కసారిగా మీద పడింది. గుట్ట అంతసేపూ అడ్డం నిలబడి ఉందన్నమాట. నేను ఆగి బాపు వైపు చూశాను. ఆయన మొహంలో ఏమీ లేదు. నేలచూపులు చూస్తూ దిగుతున్నాడు. ఆయనకు ఇంకా ఏమీ వినిపించడం లేదు.

దిగడం ఎక్కడం కన్నా కష్టం. అవ్వ కూర్చుని, కూర్చునే జారుతూ దిగింది. చీరె వెనక భాగం మట్టిలో మునిగి చిరిగింది. వేరు పట్టుకుని ఒకరం, రాయి పట్టుకుని ఒకరం, చివరకు చెట్లు తొలగి మడుగు దగ్గర తేలాం. నీళ్ళు కనబడ్డాయి. వాగు వాగంతా వచ్చి బండ మీది నుంచి పడుతోంది. తెల్లగా, నా మొహాన నీటి తుంపరలు కొడుతూ. అందంగా ఉంది, లేదనను. కానీ నాకు ఆ క్షణాన అందం మీద ఆశ లేదు. కూర్చోవడానికి పొడి చోటు ఎక్కడుందా అని వెతుక్కున్నాను.

అవ్వ నాతో ఏదో అంది. నోరు కదిలింది గానీ మాట రాలేదు. ఆ రైతు ఏదో అరిచాడు, అదీ రాలేదు. ఆ చప్పుడులో అందరం చెవిటివాళ్ళమైపోయాం. ఆ ఇద్దరూ ఒకరి చెవిలో ఒకరు అరుచుకుంటూ, అర్థం కాక తల ఊపుకుంటూ తంటాలు పడుతున్నారు. బాపు ఒక్కడికే ఏ ఇబ్బందీ లేదు. ఆయన అలవాటుగా నా పెదవులు చూశాడు, నేను అలవాటుగా ఆయన చేతులు చూశాను. షెడ్డులో నిలబడ్డట్టే ఉంది.

ఆయన మడుగు అంచుకు వెళ్ళి ఒక వెడల్పాటి బండ మీద నిలబడ్డాడు. తలను ఒక పక్కకు వంచాడు. ఇంకో పక్కకు వంచాడు. అట్లాగే ఉండిపోయాడు. నాకు అడగాలంటే భయం వేసింది. ఇంత దూరం వచ్చి లేదంటే ఏం చేయాలి? ఈ మనిషి కంటి కింద సంచులు ఇట్లాగే వేలాడుతూ రేపు మళ్ళీ సాంచ ముందర నిలబడితే, నడుస్తున్న నాడెకు చేతులు అడ్డం పెడితే? అవ్వ నన్ను వెనక నుంచి పొడిచింది. అడుగు అని.

నేను ఆయన ముందుకు వెళ్ళాను. అరచేయి బోర్లించి కిందికి దించి, కనుబొమ్మలు ఎగరేశాను. ఆగిందా?

బాపు ఇంకోసారి తల వంచి విన్నాడు. కళ్ళు మూసుకున్నాడు. మళ్ళీ తెరిచాడు. నెమ్మదిగా కుడిచేయి ఎత్తి, అరచేయి బోర్లించి, నడుము దాకా దించాడు. ఆగింది.

నేను ఏడ్చాను. దాచుకోవాల్సిన పని లేదు, మొహం నిండా నీళ్ళే. అవ్వకు చెబుదామని తిరిగితే ఆమె అప్పటికే చూసేసింది. నేతకాని ఇంటి మనిషికి ఆ చేతిమాట ఒకరు చెప్పాలా? రొట్టెల మూట విప్పబోయింది, బాపు వద్దని చేయి ఊపాడు. తువ్వాల మడిచి తల కింద పెట్టుకుని, ఆ తడి బండ మీదే ఒరిగాడు. మోకాళ్ళు కడుపులోకి ముడుచుకున్నాడు. రెప్ప వాలడమూ నోరు తెరుచుకోవడమూ ఒక్కసారే జరిగాయి. మా బాపు అంత లోతుగా నిద్రపోవడం నేను అంతకుముందు ఎన్నడు చూశానో గుర్తు చేసుకోబోయాను. గుర్తుకు రాలేదు.

మేము ముగ్గురం రొట్టె తిన్నాం. తుంపరలకు రొట్టె నానిపోయింది. అవ్వ తన కొంగు విప్పి బాపు మీద కప్పబోయి, కదిలితే లేస్తాడేమోనని మానుకుంది. ఆ పక్కనే ఆయన మొహాన ఎండ పడకుండా కూర్చుంది. ఆమెకు కాళ్ళు చాపుకునే చోటు లేదు. చాపుకొమ్మని నేను సైగ చేస్తే కసిరింది. నేను చెట్టుకు ఆనుకుని వణుకుతూ కళ్ళు మూసుకున్నాను. ఒళ్ళంతా నొప్పులు. అయినా ఆ పూట నాకు ఎవరి మీదా కోపం లేదు.

పొద్దు గుట్ట మీదికి వాలింది. ఆ రైతు లేచి నా దగ్గరికి వచ్చి, చెవిలో "వాఘ్" అన్నాడు. పులి. మాపటికి నీళ్ళకు వస్తుంది, చీకటి పడకముందే కనుమ దాటాలి. నేను అవ్వ వైపు చూశాను. ఆమె బాపుకు అడ్డంగా చేయి చాపింది. ఇంకా జరసేపు. సరే అని కూర్చున్నాను. మళ్ళీ లేచాను. ఆమె మళ్ళీ చేయి చాపింది. ఇంకా జరసేపు. చెట్ల నీడలు మడుగు దాటి మా కాళ్ళ మీదికి వచ్చాయి. ఆ రైతు గొడ్డలి ఈ చేతి నుంచి ఆ చేతికి మార్చుకుంటున్నాడు. ఇంక అవ్వ చేయి చాపలేదు. మొహం తిప్పుకుంది.

సాంచ ముందర ఉన్నవాణ్ణి వెనక నుంచి తాకకూడదు. ఉలిక్కిపడితే చేయి నాడె దారిలోకి పోతుంది. ముందుకు వచ్చి కనబడేట్టు నిలబడాలి. నేను అట్లాగే ముందు నిలబడ్డాను. నిద్రలో ఉన్నవాడికి నేను ఎట్లా కనబడతానన్న సంగతి తర్వాత తోచింది. వంగి పాదం పట్టుకుని ఊపాను. బాపు కళ్ళు తెరవకముందే ఆయన కుడిచేయి లేచి గాలిలో వెతికింది, సాంచను ఆపే పిడి కోసం. దొరకలేదు. అప్పుడు కళ్ళు తెరిచి నీళ్ళను చూశాడు, నన్ను చూశాడు, అవ్వను చూశాడు. ఆయన మొహం కడిగిన పళ్ళెంలాగ ఉంది. నేను సైగ చేశాను. ఇంకా ఆగే ఉందా? ఉంది అన్నాడు. ఉంది, ఉంది అని రెండుసార్లు అరచేయి దించాడు.

తిరుగు ఎక్కుడు ఎట్లా ఎక్కామో తెలియదు. బాపే అవ్వను గుంజుతూ వచ్చాడు. కనుమలో రాళ్ళకుప్ప దగ్గర అవ్వ ఆగింది. కింది నుంచి మోసుకొచ్చిందే చెల్లుతుందని పొద్దున్న విన్నది కదా, లోయలో నుంచి ఇంకో రాయి తెచ్చింది. ఎప్పుడు ఏరిందో, ఒడిలో ఎట్లా దాచిందో. దాన్ని మొదటి రాయి పక్కన పెట్టి దండం పెట్టుకుంది. "నిలవెట్టినవ్ తండ్రీ" అంది. నీళ్ళ చప్పుడు అప్పటికీ వినిపిస్తూనే ఉంది.

కుప్ప దాటి ఇవతలికి దిగాం. కొద్దిదూరం పోయేసరికి గుట్ట మళ్ళీ అడ్డం వచ్చింది. చప్పుడు పలచబడి, తలుపు మూసినట్టు ఆగిపోయింది. పిట్టల అరుపులు వినబడ్డాయి. మా అడుగులు మాకు వినబడ్డాయి. ముందు ఆ రైతు, ఆయన వెనక అవ్వ, నేను, చివర బాపు. నా వెనక అడుగుల చప్పుడు ఆగింది. తిరిగి చూశాను.

బాపు దారి నడుమ నిలబడి ఉన్నాడు. గుండం దగ్గర వంచినట్టే తల ఒక పక్కకు వంచాడు. ఇంకో పక్కకు వంచాడు. నా కళ్ళలోకి చూసి, పిడికిలి బిగించి, అటూ ఇటూ ఆడించాడు. నడుస్తున్నది.

నేను ఏమనాలి? ఆగిందనడానికీ నడుస్తుందనడానికీ చేతిమాటలున్నాయి గానీ, దీనికి ఏమీ లేదు.

"ఏందే? ఏమంటుండు మీ బాపు?" అంది అవ్వ ముందు నుంచి.

ఆమె తిరిగి చూసింది. బాపు పిడికిలి ఇంకా గాలిలోనే ఉంది. అవ్వ ఒక్క క్షణం దాన్ని చూసింది. పొద్దున్నుంచి ప్రతి రాయి దగ్గరా మూలిగిన మనిషి, కూర్చుని జారుతూ లోయ దిగిన మనిషి, పడుగు కొస వచ్చినప్పుడు తిరిగినట్టు మాట్లాడకుండా వెనక్కి తిరిగింది. నన్ను దాటుకుని, బాపును దాటుకుని, వచ్చిన దారినే పైకి ఎక్కసాగింది.

"ఎటువోతున్నవే అవ్వా!"

"మల్ల ఆడికే. రమ్మను మీ బాపును."

"పులి వస్తదంటుండు గద."

"రానియ్యే. ఆయనింత నిద్రపోనీ."

ఆమె వీపు బాపు వైపు ఉంది, ఆ మాట ఆయనకు అందలేదు. కానీ ఆమె ఎక్కడికి పోతున్నదో ఆయనకు అర్థమైంది. పిడికిలి విప్పి పెద్ద పెద్ద అంగలు వేసి ఆమెను అందుకున్నాడు. వెనక నుంచి తాకలేదు. ముందుకు పోయి, కనబడేట్టు నిలబడి, ఆమె రెండు భుజాలు పట్టుకుని కిందివైపుకు తిప్పాడు. ఆమె తిరగనంటూ బిగదీసింది. అప్పుడు బాపు గుట్టంతా వినబడేట్టు, "చాలే. ఒక్కపూట పండుకున్న, గది చాలు" అన్నాడు.

అవ్వ అక్కడే బండ మీద కూలబడి ఏడ్చింది. కింద నిలబడ్డ ఆ రైతు ఏమీ అర్థం కాక మా ముగ్గురినీ చూసి, ధైర్యం చెబుదామనుకుని, "లై దూరం లేదు బాయీ. ఊరు గీడనే" అన్నాడు.

బాపు ఆమెను లేపాడు. చీకటి పడేసరికి ఇల్లు చేరాం. మర్నాడు వాళ్ళిద్దరూ బస్సెక్కి వెళ్ళిపోయారు, షెడ్డు తెరిచే రోజు దగ్గరపడింది కాబట్టి. బస్సు కదిలాక అవ్వ కిటికీలో నుంచి చేయి బయటికి పెట్టింది. టాటా చెబుతుందనుకున్నాను. కాదు. అరచేయి బోర్లించి మెల్లగా కిందికి దించింది. ఆమె పక్కన బాపు కళ్ళు మూతపడి, తల ఆమె భుజం మీదికి వాలి ఉంది.